యాంటీబయాటిక్‌తో పాటు ఇచ్చే ఆ సాచెట్ కడుపులో ఏం చేస్తుంది?

వానలు మొదలయ్యాక వైజాగ్‌లో ఏ మెడికల్ షాపు దగ్గర కాసేపు నిలబడినా ఒకటే సీన్, జగదాంబ సెంటర్ అయినా గాజువాక అయినా గోపాలపట్నం అయినా. పిల్లాడికి మోషన్స్ అవుతున్నాయండి అనగానే కౌంటర్ మీదకి ఓఆర్ఎస్ ప్యాకెట్లు వస్తాయి, జింక్ సిరప్ వస్తుంది, వాటి వెనకాలే ఒక పొడి సాచెట్టో, మెడ విరిచి తాగించే చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళలాంటి మందో వస్తుంది. పెద్దాళ్ళకి యాంటీబయాటిక్ రాస్తే దాంతోపాటు ఒక క్యాప్సూల్. ఇది దేనికండీ అంటే "గుడ్ బ్యాక్టీరియా, కడుపుకి మంచిది" అని రెండు ముక్కల్లో సమాధానం. ఇంటికెళ్తే అమ్మమ్మలది ఇంకో మాట, ఇవన్నీ దేనికి, ఇంత పెరుగన్నం కలిపి పెట్టండి సరిపోద్ది అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కానీ ప్రోబయోటిక్, అంటే ఆ సాచెట్లో ఉండే మేలుచేసే బ్యాక్టీరియా మందు, పనిచేస్తుందా లేదా అని గంపగుత్తగా అడిగితే మాత్రం ఎవరి దగ్గరా సరైన జవాబు దొరకదు. మందులు పనిచేస్తాయా అని అడిగితే ఏం చెప్తాం, ఏ మందు, ఏ జబ్బుకి, ఎవరికి అని తిరిగి అడుగుతాం కదా, ఇక్కడా అచ్చం అంతే.

ముందు లోపల ఏముందో చూద్దాం. మన ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని 2016లో వేసిన లెక్క, మన సొంత కణాలు 30 లక్షల కోట్లు, అంటే దాదాపు సమానం. అన్నీ కలిపి తూకం వేస్తే 200 గ్రాములు. వీటిలో ఎక్కువ భాగం పెద్దపేగులోనే ఉంటాయి, ఎందుకంటే పొట్టలో యాసిడ్ ఉంటుంది, చిన్నపేగులో పైత్యరసం ఉంటుంది, పైగా అక్కడ సరుకు గబగబా ముందుకి కదిలిపోతుంది. పెద్దపేగుకొచ్చేసరికి నిదానం, అక్కడ మనం అరిగించుకోలేని పీచు వాటికి తిండి. ఆ పీచుని అవి పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న ఫ్యాటీ యాసిడ్లు తయారుచేస్తాయి. ఈ మూడింట్లో బ్యూటిరేట్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, పెద్దపేగు గోడలో ఉండే కణాలకి అదే ముఖ్యమైన ఇంధనం. మనం తిన్న తోటకూర కాడ చివరికి మన పేగు గోడకే భోజనంగా మారుతోంది, మధ్యలో వంట చేసేది ఆ బ్యాక్టీరియా అన్నమాట.

ఇవి చేసే రెండో పని జాగా ఆక్రమించుకుని కూర్చోవడం. సంక్రాంతి ముందు రోజు పూర్ణామార్కెట్ ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది, ఎప్పుడూ కూర్చునేవాళ్ళు వాళ్ళవాళ్ళ చోట్లలో గంపలు పెట్టుకుని కూర్చుంటే కొత్తగా వచ్చినవాడికి గోనె పరుచుకోడానికి జానెడు చోటు దొరకదు. పేగులోనూ అంతే, చోటూ తిండీ ముందే ఉన్నవాళ్ళు పంచేసుకుంటే బయటనుంచి వచ్చిన సాల్మొనెల్లా లాంటివి నిలదొక్కుకోలేవు. పైగా ఈ పాతకాపులు యాసిడ్ వదుల్తాయి, వేరే బ్యాక్టీరియాని చంపే చిన్న ప్రొటీన్లు కూడా వదుల్తాయి. యాంటీబయాటిక్ కోర్సు వేసుకున్నప్పుడు జబ్బు చేసినదానితో పాటు వీళ్ళు కూడా పోతారు, మార్కెట్ ఖాళీ అయినట్టే, అప్పుడు ఎవడు ముందొస్తే వాడిదే చోటు. యాంటీబయాటిక్ మొదలెట్టిన రెండో రోజో మూడో రోజో విరేచనాలు పట్టుకోవడం వెనక ఉన్న ముఖ్యమైన కథ ఇదే, ఇందులో అన్నిటికంటే ప్రమాదమైనది క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా, ఆస్పత్రిలో పడుకున్న పెద్దవాళ్ళ ప్రాణం మీదకి తెచ్చేది అదే.

ఇప్పుడు ఇమ్యూనిటీ దగ్గరికి వద్దాం, కరోనా తర్వాత ఈ మాట అరిగిపోయింది, ప్రతి డబ్బా మీదా ఇమ్యూనిటీ బూస్టర్ అనే రాస్తున్నారు. అసలు ఇమ్యూనిటీని ఊరికే పెంచుకోవడం మంచిది కాదు. ఆస్తమా, ఎలర్జీ, పేగు వాచే క్రోన్స్, కీళ్ళు వాచే రుమటాయిడ్ ఆర్థరైటిస్, ఇవన్నీ ఇమ్యూనిటీ తక్కువై వచ్చిన జబ్బులు కావు, అది దారితప్పి తన మీదే విరుచుకుపడటం వల్లో, అక్కర్లేనివాటి మీద రెచ్చిపోవడం వల్లో వచ్చినవి. పేగు దగ్గర ఇమ్యూన్ వ్యవస్థకి ఉన్న అసలు కష్టం ఏంటంటే, అక్కడ రోజూ తిండి వస్తుంది, లక్షల కోట్ల బ్యాక్టీరియా పక్కనే ఉంటుంది, మధ్యలో అడ్డంగా ఉన్నది ఒకే ఒక్క కణం మందం గోడ, దాని మీద జిగురు పొర. అన్నిటి మీదా యుద్ధం చేస్తే మనిషి బతకడు, దేన్నీ పట్టించుకోకపోయినా బతకడు. ఎప్పుడు ఊరుకోవాలో ఎప్పుడు లేవాలో నేర్చుకోవాలి, ఆ నేర్పేవాళ్ళలో పెద్ద వాటా పేగు బ్యాక్టీరియాదే.

నేర్పడం ఎలాగంటే, చిన్నపేగు గోడలో పేయర్స్ ప్యాచెస్ అనే గుబ్బలుంటాయి, వాటి మీదుండే ఎమ్ కణాలు లోపల తిరిగే బ్యాక్టీరియా ముక్కల్ని పట్టుకుని కింద కూర్చున్న ఇమ్యూన్ కణాలకి చూపిస్తాయి, ఇది మనవాడు ఇది పరాయివాడు అని అక్కడ నిర్ణయం జరుగుతుంది. ఆ తర్వాత ఐజీఏ అనే యాంటీబాడీ తయారై జిగురు పొరలోకి వస్తుంది, అది గొడవ పడకుండా సూక్ష్మజీవుల్ని చుట్టేసి గోడకి దూరంగా ఉంచుతుంది. మన ఒంట్లో యాంటీబాడీలు తయారుచేసే కణాల్లో ఎక్కువ భాగం పేగు గోడలోనే ఉంటాయి. ఇందాక చెప్పుకున్న బ్యూటిరేట్ ఇక్కడ మళ్ళీ వస్తుంది, టీ-రెగ్ అని పిలిచే శాంతపరిచే కణాలు పెరగడానికి అది సాయం చేస్తుంది, గోడలోని కణాల మధ్య అతుకులు గట్టిగా ఉండటానికి కూడా. అందుకే అరుగుదల, ఇమ్యూనిటీ అని రెండు వేరే ఖాతాలు రాయడం కుదరదు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. ఇమ్యూనిటీ మీద చేసిన పనికే 1908లో నోబెల్ తీసుకున్న ఎలీ మెచ్నికోఫ్, పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంటూ, బల్గేరియా పల్లెటూళ్ళలో జనం ఎక్కువకాలం బతకడానికి పుల్లటి పెరుగే కారణం అన్నాడు. తర్వాత జపాన్‌లో మినోరు షిరోటా 1930లో లాక్టోబాసిల్లస్ అనే రకం బ్యాక్టీరియాని ఒకదాన్ని వేరుచేశాడు, 1935 నుంచి అది చిన్న సీసాల్లో అమ్ముడుపోతోంది, ఇప్పుడు మన సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో కనిపించే యాకుల్ట్ అదే. ఫ్రాన్స్ ఆయన హెన్రీ బూలార్ సంగతి ఇంకా బాగుంటుంది, 1920ల్లో ఇండోచైనాలో కలరా చెలరేగినప్పుడు అక్కడివాళ్ళు లిచీ, మాంగోస్టీన్ తొక్కలు కాచి తాగడం గమనించి ఆ పళ్ళనుంచి ఒక ఈస్ట్ పట్టుకొచ్చాడు, ఇప్పుడు మన డాక్టర్లు రాసే సాక్రోమైసిస్ బూలార్డి ఆయన పేరు మీదే.

2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్ఏఓ నిపుణులు కూర్చుని ప్రోబయోటిక్ అంటే ఏంటో తేల్చారు: బతికున్న సూక్ష్మజీవులు అయ్యుండాలి, సరిపడా మోతాదులో ఇవ్వాలి, ఆరోగ్యానికి మేలు చేస్తాయని రుజువు ఉండాలి. ఈ మూడూ ఉంటేనే ఆ పేరు. ఈ గీటురాయి మీద పెడితే మార్కెట్‌లో ఉన్న సరుకు చాలా మటుకు నిలబడదు, ముఖ్యంగా మూడో ముక్క దగ్గర.

నిలబడినవాటిలో మనకి బాగా దగ్గరిది ఒకటుంది, దాన్ని మన తెలుగువాళ్ళు తక్కువ చెప్పుకోవడం బాధగానే ఉంటుంది. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశాలోనే, పల్లెటూళ్ళలో పుట్టిన 4,556 మంది పసిపిల్లల మీద జరిగిన ట్రయల్ అది, పినాకి పాణిగ్రాహి బృందం చేసింది, 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. పుట్టిన మొదటి రోజుల్లో ఏడు రోజుల పాటు సగం మంది పిల్లలకి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే జాతిలో ఒక స్ట్రెయిన్‌ని, అంటే ఒక ప్రత్యేక ఉపరకాన్ని, దానికి తిండిగా ఒక రకం చక్కెరని కలిపి నోట్లో పోశారు, మిగతా సగానికి ఉత్తుత్తి మందు. రెండు నెలలు చూశారు. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి ప్రాణం మీదకి రావడం) రావడం లేదా బిడ్డ చనిపోవడం, ఈ రెండూ కలిపి చూస్తే ఉత్తుత్తి మందు వైపు 9 శాతం, అసలు మందు వైపు 5.4 శాతం. అంటే 40 శాతం తగ్గింది. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా తగ్గాయి, మందు పోసింది నోట్లో, మేలు జరిగింది ఛాతీలో, ఇమ్యూనిటీ పేగునుంచి ఎంత దూరం పనిచేస్తుందో దీనికంటే బలంగా చెప్పే ఉదాహరణ దొరకడం కష్టం.

ఇది ఎందుకు పనిచేసిందో ఆలోచిస్తే మిగతావి ఎందుకు పనిచేయవో కూడా తెలుస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డ పేగు దాదాపు ఖాళీ మార్కెట్, మొదట వచ్చినవాళ్ళకి చోటు దొరుకుతుంది. వాళ్ళు ఏదో ఒక బ్యాక్టీరియా తీసుకోలేదు, పసిపిల్లల పేగులో అతుక్కుని కొన్నాళ్ళు నిలిచే స్ట్రెయిన్ కోసం ముందే వెతికి ఎంచుకున్నారు. పిల్లలు కూడా 2 కిలోలకి తగ్గకుండా, తల్లిపాలు తాగుతూ, ఏ జబ్బూ లేకుండా ఉన్నవాళ్ళే. నెలలు బాగా తక్కువగా పుట్టిన బిడ్డకి ఇదే లెక్క వేసి ఇంట్లో ఏదో పొడి పోస్తే ప్రమాదం, ఎందుకంటే ఆ బిడ్డ పేగు గోడ ఇంకా గట్టిపడి ఉండదు, బ్యాక్టీరియా రక్తంలోకి దిగిపోవచ్చు. అమెరికాలో అలా ఒక బిడ్డ చనిపోయాక 2023లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నెలలు నిండని పిల్లల విషయంలో హెచ్చరిక ఇచ్చింది.

పెద్దవాళ్ళలోనూ ఇలాంటిది జరిగింది. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన ప్యాంక్రియాటైటిస్‌తో (క్లోమగ్రంథి వాపుతో) ఉన్న 298 మందికి సగం సగంగా ప్రోబయోటిక్, ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు, ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని ఆశ. 2008లో ఫలితం వచ్చేసరికి ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్ళలో 16 శాతం మంది, రెండో వైపు 6 శాతం మంది చనిపోయారు. ఎలాగూ మంచి బ్యాక్టీరియానే కదా, వేసుకుంటే పోయేదేముంది అనే మాట మన దగ్గర చాలా తేలిగ్గా అంటారు, ఆరోగ్యంగా తిరిగే మనిషి విషయంలో అది చాలా మటుకు నిజమే, ఐసీయూలో ఉన్న మనిషి విషయంలో కాదు. అంత పెద్ద తేడా ఉన్న విషయాన్ని డాక్టర్‌ని అడక్కుండా కౌంటర్ మీద తేల్చేయకూడదు.

సరే, మామూలు సందర్భాలు. యాంటీబయాటిక్ వాడుతున్న పిల్లలకి ప్రోబయోటిక్ కలిపి ఇస్తే విరేచనాలు తగ్గుతాయని చాలా ట్రయల్స్ కలిపి చూసిన కోక్రేన్ అనే వైద్య పరిశోధకుల సంస్థ సమీక్ష చెప్తోంది, ఇచ్చినవాళ్ళలో సుమారు 8 శాతం మందికి వస్తే ఇవ్వనివాళ్ళలో 19 శాతం మందికి వచ్చాయి, కాబట్టి ఆ సాచెట్ రాసే పిల్లల డాక్టర్‌ని తప్పుపట్టక్కర్లేదు. కానీ బ్రిటన్‌లో 65 దాటి ఆస్పత్రిలో ఉన్న 3 వేల మందికి దగ్గరగా తీసుకుని చూస్తే 2013లో తేడా ఏమీ కనిపించలేదు. ఇక యాంటీబయాటిక్‌తో సంబంధం లేకుండా పిల్లలకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నప్పుడు ఇస్తే? 2018లో అమెరికాలో 971 మంది మీద, కెనడాలో 886 మంది మీద రెండు పెద్ద ట్రయల్స్ ఒకేసారి వచ్చాయి, లాక్టోబాసిల్లస్ ఉన్న మందులే, రెండింట్లోనూ ఉత్తుత్తి మందుకీ దీనికీ తేడా రాలేదు. వానాకాలం మోషన్స్‌లో ప్రాణం కాపాడేది ఓఆర్ఎస్, ఆపకుండా ఇచ్చే తల్లిపాలు, ఆరు నెలలు దాటిన బిడ్డకి రోజుకి 20 మిల్లీగ్రాముల జింక్ 10 నుంచి 14 రోజులు. చేతిలో ఉన్న డబ్బు అన్నిటికీ సరిపోకపోతే వదిలేయాల్సింది సాచెట్టే, ఓఆర్ఎస్ కాదు. ఇది కాస్త గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఖరీదెక్కువున్నదే అసలు మందు అనుకుని చవగ్గా వచ్చే ఓఆర్ఎస్ ప్యాకెట్‌ని పక్కన పెట్టేసే ఇళ్ళు ఉన్నాయి.

ఇంకో చిక్కు కూడా బయటపడింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2018లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి యాంటీబయాటిక్స్ ఇచ్చి, తర్వాత కొందరికి ప్రోబయోటిక్ మిశ్రమం ఇచ్చి, కొందర్ని అలాగే వదిలేసి, పేగు లోపలికి వెళ్ళి చూశారు. ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్ళలో వాళ్ళ సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైంది. ఖాళీ మార్కెట్‌లో బయటివాళ్ళు వచ్చి కూర్చుంటే పాతవాళ్ళకి చోటు దొరకనట్టు. విరేచనాలు తగ్గడం ఒకటి, సొంత బ్యాక్టీరియా కుదురుకోవడం ఇంకొకటి, రెండూ ఒకే దిక్కున పోవాలని లేదు.

ఇక ఇంటి సంగతి. తోడుపెట్టిన పెరుగులో బతికున్న బ్యాక్టీరియా కావలసినంత ఉంటుంది, అయితే ఏ ఇంటి తోడులో ఏ స్ట్రెయిన్ ఉందో ఎవరికీ లెక్క ఉండదు కాబట్టి శాస్త్రం భాషలో దాన్ని ప్రోబయోటిక్ అనరు, బతికున్న పులిసిన తిండి అంటారు. పేరు లేకపోతే మేలు లేదని కాదు. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవాళ్ళు పెరుగు హాయిగా తినగలగడానికి కారణం ఆ బ్యాక్టీరియా పాలలోని చక్కెర లాక్టోస్‌ని కొంత ముందే తినేయడం, మిగతాది పేగులో విడగొట్టడానికి తన ఎంజైమ్ ఇవ్వడం, యూరప్ ఆహార భద్రతా సంస్థ కూడా ఒప్పుకున్న విషయం ఇది. కాకపోతే మజ్జిగపులుసు మరిగించాక అందులో బతికున్నవి ఉండవు. ఇడ్లీ పిండి రాత్రంతా పులుస్తుంది, ఆవిరి మీద ఉడికాక అవన్నీ చచ్చిపోతాయి, అయినా పులియడం వల్ల పప్పులో ఉండి ఖనిజాల్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్ తగ్గి ఐరన్, జింక్ బాగా ఒంటికి పట్టడం అనే లాభం మిగిలే ఉంటుంది. ఆవకాయని కూడా ప్రోబయోటిక్ అని షేర్ చేస్తున్నారు, అంత ఉప్పులో, కారంలో, నూనెలో అది నిలవుండటమే పెద్ద పని, దాన్ని రుచికోసం తినడమే న్యాయం.

ఉత్తరాంధ్ర ఇళ్ళలో అసలు సరుకు వేరే ఉంది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే తెల్లారేసరికి పులిసే చద్దన్నం, కుండలో గంజి పులియబెట్టి పెట్టే తరవాణి, చోడి (రాగి) పిండి పులియబెట్టి కాచే అంబలి. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం అరగని రకంగా మారుతుంది, అది నేరుగా పెద్దపేగుకి చేరి అక్కడివాళ్ళకి తిండి అవుతుంది, బతికున్న బ్యాక్టీరియా, వాటి భోజనం రెండూ ఒకే గిన్నెలో. అంబలి కాచితే బ్యాక్టీరియా పోతుంది నిజమే, కానీ చల్లారాక అందులో పల్చటి మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు కలిపి తాగే అలవాటు ఉందే, అది మళ్ళీ రెండూ ఇచ్చేస్తుంది, ఉల్లిపాయలో ఉండే ఫ్రక్టాన్లు ఒడిశా పిల్లలకి కలిపి ఇచ్చిన చక్కెర కుటుంబానివే. స్టాన్‌ఫర్డ్‌లో 36 మంది మీద చేసిన ట్రయల్ 2021లో వచ్చింది, పది వారాలు పులిసిన తిండి బాగా తిన్నవాళ్ళలో పేగు బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో 19 రకాల వాపు ప్రొటీన్లు తగ్గాయి. చిన్న ట్రయలే, వాళ్ళు తిన్నది యోగర్ట్, కెఫీర్, కిమ్చీ లాంటివి, తరవాణి మీద అలాంటి పని మన దగ్గర జరగాలి. ఒక జాగ్రత్త, మన ఎండాకాలం ఉక్కకి చద్దన్నం తొందరగా పాడవుతుంది, శుభ్రమైన నీళ్ళు, కడిగిన గిన్నె లేకపోతే పులిసిందీ కుళ్ళిందీ ఒకటే అవుతుంది.

కొనేటప్పుడు డబ్బా మీద చూడాల్సింది ముందుగా పూర్తి పేరు. లాక్టోబాసిల్లస్ అని మాత్రమే రాసుంటే అది ఇంటిపేరు చెప్పి మనిషిని వెతకమన్నట్టు, జాతి పేరు, చివర అక్షరాలో అంకెలో ఉండే స్ట్రెయిన్ పేరు కూడా కావాలి, ఎందుకంటే రుజువు స్ట్రెయిన్‌కే ఉంటుంది, ఇంటిపేరుకి కాదు. 2020లో లాక్టోబాసిల్లస్ కుటుంబాన్ని శాస్త్రవేత్తలు 25గా విడగొట్టారు కాబట్టి రామ్నోసస్ అనే జాతి పేరు ముందు లాక్టికేసిబాసిల్లస్ అని కొత్త పేరు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, మనిషి పాతవాడే. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ ప్రకారం ప్రోబయోటిక్ ఆహారంలో రోజు మోతాదుకి కనీసం 10 కోట్ల బతికున్న సూక్ష్మజీవులు ఉండాలి, అదీ చూడొచ్చు.

రెండోది వేడి. వైజాగ్ ఉక్కలో ఇది చిన్న విషయం కాదు. గొట్టాల్లో వచ్చే బాసిల్లస్ క్లాసీ అనే బ్యాక్టీరియా స్పోర్స్ రూపంలో, అంటే గట్టి పెంకులో నిద్రపోతున్నట్టు ఉంటుంది కాబట్టి బయట ఉన్నా నిలుస్తుంది, యాంటీబయాటిక్స్ చాలావాటిని తట్టుకుంటుంది కూడా. లాక్టోబాసిల్లస్, బైఫిడోబాక్టీరియమ్ రకాలు అలా కాదు, వేడీ తేమా తగిలితే రోజురోజుకీ చచ్చిపోతుంటాయి, ఫ్రిజ్‌లో పెట్టమని రాసున్నది ఎండ పడే అద్దాల అలమరలో ఉంటే అడగాల్సిందే. వీటిని యాంటీబయాటిక్‌తో కలిపి ఒకేసారి మింగకుండా రెండు గంటలు ఎడం ఇవ్వమంటారు. బూలార్డి ఈస్ట్ కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయదు, ఫంగస్ మందు మాత్రం చంపేస్తుంది. మెడ దగ్గర రక్తనాళంలో లైన్ పెట్టి ఉన్న పేషెంట్‌కి ఈ ఈస్ట్ ఇవ్వకూడదు, పక్క బెడ్ వాళ్ళ కోసం కూడా ఆ గదిలో క్యాప్సూల్ విప్పి పాలల్లో కలపకూడదు, గాల్లో లేచిన పొడి, చేతికంటిన పొడి ఆ లైన్ ద్వారా రక్తంలోకి చేరిన కేసులున్నాయి.

చాలా ప్రోబయోటిక్స్ లోపల కాపురం పెట్టవు, వేసుకున్నన్నాళ్ళు ఉంటాయి, ఆపేసిన కొద్ది రోజులకో వారాలకో మలంలో వెతికినా దొరకవు. పెద్దవాళ్ళ పేగు పూర్ణామార్కెట్ లాగా ముందే నిండి ఉంటుంది కదా, అతిథిలా వచ్చి, ఉన్న నాలుగు రోజుల్లో చేసే పని చేసి వెళ్ళిపోతాయి. అందుకే కోర్సు రాసేటప్పుడు యాంటీబయాటిక్ మొదలైన రోజే మొదలెట్టి, అది అయ్యాక కొన్ని రోజులు వాడి ఆపేయమంటారు. ఏడాది పొడుగునా నెలకో డబ్బా కొంటున్నవాళ్ళు ఏ జబ్బుకి, ఏ స్ట్రెయిన్, ఎన్నాళ్ళు అని ఒకసారి తమ డాక్టర్‌ని అడగొచ్చు, ఆ మూడింటికీ జవాబు లేకపోతే ఆ డబ్బులతో రైతుబజార్‌లో నెలకి సరిపడా చోళ్ళు, ఆకుకూరలు, అరటిపళ్ళు వస్తాయి, లోపల ఎప్పట్నుంచో కాపురం ఉన్నవాళ్ళు తినేది అవే.